కట్ట ఎవరి దగ్గరుంటే కేసు వాళ్ళదేనా?
కంప్యూటర్ సాక్ష్యాలు, క్లౌడ్, వివక్ష కేసులు

కులవివక్షకు సాక్ష్యమేదీ అని అడిగే కోర్టులకు మనం ఇన్నాళ్ళూ మనుషుల్ని చూపిస్తూ వచ్చాం. ఊళ్ళో దాడి జరిగితే చూసినవాళ్ళుంటారు. వాళ్ళని బెదిరిస్తారు, కొంటారు, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిప్పి విసిగిస్తారు. అయినా సాక్షి అంటూ ఒకడుంటాడు. మరి ఏసీ గదుల్లో, పెద్ద చదువులు చదివినవాళ్ళ మధ్య జరిగే వివక్షకు సాక్షి ఎవరు? అక్కడ గ్లాసు వేరుగా పెట్టరు. మీటింగుకి పిలవరు, అంతే. ప్రమోషన్ జాబితాలో పేరుండదు. ఎందుకని అడిగితే పనితీరు బాలేదంటారు. పక్క సీటువాడు నోరు విప్పడు, వాడి ఉద్యోగం వాడిది.

ఐతే ఆ ఆఫీసుల్లో ఒక గుణముంది. అక్కడ నోటిమాట తక్కువ, రాత ఎక్కువ. ఎవణ్ణి పక్కన పెట్టాలో, ఎవడికి ఎంత బోనసివ్వాలో ఈమెయిల్లోనో చాట్‌లోనో ఎవరో ఎవరికో రాసే ఉంటారు. ఆ రాతను బయటికి రప్పించే పద్ధతి అమెరికా కోర్టుల్లో బాగా ఎదిగింది. దాన్ని ఇ-డిస్కవరీ అంటారు. ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుంది, క్లౌడ్ వచ్చాక ఏం మారింది, కులం కేసుల దగ్గరికొచ్చేసరికి ఎక్కడ తడబడుతుంది అన్నది చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ఇప్పుడెందుకు అంటే సిస్కో కేసు ఉంది కనక. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం (అప్పట్లో దాని పేరు వేరు) ఒక దళిత ఇంజనీరు విషయంలో సిస్కో కంపెనీ మీదా, ఇద్దరు మేనేజర్ల మీదా దావా వేసింది. అతను ఐఐటీలో 'మెయిన్ లిస్టు'లో లేడని, రిజర్వేషన్ మీద వచ్చాడని పై అధికారి తోటివాళ్ళకు చెప్పాడన్నది ఒక ఆరోపణ. ఫిర్యాదు చేస్తే, కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ సిబ్బంది విభాగం తేల్చిందన్నది ఇంకొకటి. కంపెనీ వీటిని ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసును విభాగమే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం ఉంచింది. మన దగ్గర ఈ కేసు మీద చర్చ ఎక్కువగా అమెరికాలోనూ కులముందా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. కానీ ఇట్లాంటి కేసులో లాయర్లు రోజూ తలపట్టుకునే ప్రశ్నలు వేరు. ఎవరేం రాశారు? అది ఎక్కడుంది? దాన్ని ఎవరు తీయాలి, ఎవరి ఖర్చుతో?

కట్ట విప్పించే హక్కు

అమెరికా సివిల్ దావాల్లో విచారణకు ముందే డిస్కవరీ అనే దశ ఒకటుంది. 1938 నాటి ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలతో అది స్థిరపడింది. వాది ప్రతివాదిని, ప్రతివాది వాదిని 'నీ దగ్గరున్న కాగితాలు చూపించు' అని అడగొచ్చు. కేసుకు సంబంధముంటే, తన కొంప ముంచే కాగితమైనా సరే ఇవ్వాల్సిందే. లాయరుకూ కక్షిదారుకూ మధ్య నడిచిన ఉత్తరాల్లాంటి కొన్నింటికే మినహాయింపు.

మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే ఇది కరణం ఇంట్లో కట్ట విప్పించే హక్కు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా కరణాలూ, పట్వారీలూ ఊరి భూమి లెక్కలన్నీ తమ ఇళ్ళల్లోనే పెట్టుకున్నారు. దున్నేవాడొకడు, అడంగల్లోనో పహాణీలోనో పేరు ఇంకొకడిది. మాల మాదిగ వాడల నుంచి వెళ్ళి 'ఏం రాశావో చూపించు' అనడానికి ఎవరికి నోరుండేది? డిస్కవరీలో బలమంతా రెండో సగంలో ఉంది. చూపించకపోతే, దాచితే, తగలబెడితే కోర్టు చేత శిక్ష వేయించొచ్చు.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరులో కూడా డిస్కవరీ ఉంది. ఉందంటే ఉంది. 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చి వ్యాపారస్తుల దావాల్లో దానికి కోరలు పెట్టింది. వ్యాపారస్తులకే ఎందుకు పెట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

టేపుల కథ

కాగితాలు కంప్యూటర్లలోకి వెళ్ళాక ఈ హక్కు ఏమవుతుందన్న ప్రశ్నకు దారి చూపింది ఒక స్త్రీ వేసిన వివక్ష కేసు. లారా జుబులేక్ న్యూయార్క్‌లో యూబీఎస్ వార్‌బర్గ్‌లో షేర్ల విభాగంలో ఉద్యోగి. స్త్రీ కావడం వల్లే తనను తక్కువ చేశారని 2001 ఆగస్టులో ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేసింది. అక్టోబరులో ఉద్యోగం ఊడింది. 2002లో కోర్టుకెక్కింది.

కాగితాలివ్వమంటే బ్యాంకు 350 పేజీలిచ్చింది. అందులో ఈమెయిళ్ళు 100 పేజీలు. ఆమె దగ్గరే అప్పటికి దాదాపు 450 పేజీల ఈమెయిళ్ళున్నాయి. మిగతావేవీ అంటే, అవి బ్యాకప్ టేపుల్లో ఉన్నాయి, వెనక్కి తీయాలంటే 1,75,000 డాలర్లవుతుంది అని జవాబు. పెద్ద సంస్థలు వాడే పాత పాచిక ఇది. లేదు అనరు. ఉంది, కానీ తీయడం కష్టం అంటారు.

జడ్జి షిరా షైండ్లిన్ ఈ ఒక్క కేసులో 2003, 2004ల్లో వరసగా ఇచ్చిన తీర్పులే తర్వాత అందరికీ పాఠాలయ్యాయి. ముందు ఒక 5 టేపులు తీసి చూడమంది. ఆ ఐదింట్లోనే సంబంధమున్న ఈమెయిళ్ళు 600 దాకా దొరికాయి. మిగతావి తీసే ఖర్చులో నాలుగింట మూడు వంతులు బ్యాంకు, ఒక వంతు ఆమె పెట్టుకోవాలంది. తీసినవాటిని చదివి చూసుకునే లాయర్ల ఖర్చు మాత్రం మొత్తం బ్యాంకుదే. తీరా చూస్తే కొన్ని టేపులు కనిపించలేదు. చెరపొద్దని చెప్పాక కూడా కొందరు ఉద్యోగులు ఈమెయిళ్ళు చెరిపేశారని తేలింది. పోయినవి బ్యాంకుకు వ్యతిరేకంగా ఉండేవని జ్యూరీ భావించవచ్చని 2004 జులైలో జడ్జి చెప్పింది. 2005 ఏప్రిల్‌లో జ్యూరీ ఆమెకు 2 కోట్ల 90 లక్షల డాలర్లకు పైగా ఇమ్మంది.

ఇది విజయగాథే, కాదనలేం. ఐతే ఆమె లక్షల డాలర్ల జీతం తీసుకున్న మనిషి. టేపుల ఖర్చులో ఆ నాలుగో వంతు భరించగలిగింది. అదే బ్యాంకులో రాత్రిపూట నేల తుడిచే మనిషైతే ఆ వంతు ఎక్కణ్ణుంచి తెచ్చేది? సాక్ష్యం మీద హక్కు ఉండటం వేరు, దాని కిరాయి కట్టుకోగలగడం వేరు.

మబ్బులో కాదు, గోదాములో

2006 మార్చిలో అమెజాన్ తన కంప్యూటర్లలో జాగాను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఫెడరల్ నియమాల్లో 'ఎలక్ట్రానిక్‌గా నిలవచేసిన సమాచారం' అన్న మాట చేరింది. రెండూ ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికమే. కానీ ఆ తర్వాతి కథంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

క్లౌడ్ అంటే మబ్బు. పేరు చూసి ఆకాశంలో ఎక్కడో ఉంటుందనుకోవద్దు. అదొక అద్దె గోదాము. కంపెనీ తన ఫైళ్ళను సొంత గదిలోని కంప్యూటర్లో పెట్టుకోకుండా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ కట్టిన సర్వర్ల గోదాముల్లో అద్దెకు పెడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కలా అట్లాంటి గోదాములున్నాయి. మన ఫోన్లో ఫొటోలు, బడి మార్కులు, ఆస్పత్రి రిపోర్టులు కూడా చాలావరకు ఇట్లాంటి చోటే ఉంటున్నాయి.

దీనివల్ల బాధితులకు ఒక మేలు జరిగింది. టేపుల్లో ఉంది, తీయలేం అన్న సాకు బలహీనపడింది. వెతుకు అంటే వెతికే సరుకు అది. రెండోది, లాయర్లకు జరిగిన మార్పు. ఇదివరకు లక్షల ఈమెయిళ్ళు చదవాలంటే సొంత సర్వర్లు, సొంత మనుషులు ఉన్న పెద్ద లా కంపెనీలకే సాధ్యం. ఇప్పుడు రెలటివిటీ, ఎవర్‌లా లాంటి వేదికలు ఆ పనిని క్లౌడ్‌లోనే అద్దెకిస్తున్నాయి, సాధారణంగా గిగాబైటుకు నెలకింత అని. ఎదుటివాళ్ళిచ్చిన సరుకంతా అందులోకి ఎక్కిస్తారు. ఒకటే ఈమెయిలు పదిమంది దగ్గరుంటే తొమ్మిది నకళ్ళు తీసేస్తుంది. తేదీల వారీగా, మనుషుల వారీగా పేరుస్తుంది. ఇద్దరు లాయర్లున్న చిన్న ఆఫీసు కూడా పెద్ద కంపెనీకి ఎదురు నిలబడొచ్చు. కేసు ఏళ్ళు సాగితే నెలనెలా అద్దె మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

చిక్కు ఇంకోచోట వచ్చింది. గోదాము ఒకరిది, సరుకు ఇంకొకరిది. ఎవర్ని అడగాలి? డెట్రాయిట్‌లో 2003లో ఒక యువతిని కాల్చి చంపారు. హత్య దర్యాప్తును మేయరూ, నగర పాలకసంస్థా అడ్డుకున్నారని ఆమె చిన్న కొడుకు తరఫున దావా పడింది. అధికారులు ఒకరికొకరు పంపుకున్న సందేశాలు కావాలి. అవి స్కైటెల్ అనే కంపెనీ దగ్గరున్నాయి, నగరం దగ్గర కాదు. సందేశాలు మోసే కంపెనీలు వాటిలోని విషయాన్ని బయటపెట్టకూడదని 1986 చట్టం ఒకటుంది కాబట్టి కంపెనీ ఇవ్వకూడదని వాదన. మనకు ఈ ఆట తెలియంది కాదు. ఎమ్మార్వోని అడిగితే ఆర్డీవో దగ్గరుందంటాడు, ఆర్డీవోని అడిగితే ఎమ్మార్వో దగ్గరికి పొమ్మంటాడు.

2008లో కోర్టు ఈ ముడి విప్పింది. యంత్రం ఎవరిదన్నది కాదు చూడాల్సింది, అడిగి తెప్పించుకునే అధికారం ఎవరికుందన్నది. నగరానికి ఆ అధికారముంది, కాబట్టి ఆ సందేశాలు నగరం అదుపులో ఉన్నట్టే, నగరాన్నే అడగండి అంది. క్లౌడ్ సాక్ష్యాలకు ఈ సూత్రం చాలా ముఖ్యం. సివిల్ కేసులో మేనేజరు ఈమెయిలు కోసం నేరుగా గూగుల్‌కి నోటీసు పంపితే ఆ 1986 చట్టం అడ్డొస్తుంది. ఆ మేనేజరునో, అతని కంపెనీనో కోర్టు ద్వారా పట్టుకుని తెప్పించాలి.

అదే డెట్రాయిట్ కేసు చివరికి ఏమైందో కూడా చెప్పాలి. కొందరు అధికారుల ఈమెయిళ్ళను నగరం చెరిపేసిందని తేలింది. అందుకు కోర్టు, కావాలంటే జ్యూరీ ప్రతికూలంగా అనుకోవచ్చన్న మెత్తటి శిక్షతో సరిపెట్టింది. ఆ భావన ఒక్కటే దావాను నిలబెట్టడానికి చాలదని కొట్టేసింది. 2013లో పై కోర్టు దాన్ని సమర్థించింది. కట్ట తగలబెట్టినవాడు బాగానే ఉన్నాడు.

యంత్రానికి కులం భాష ఎవరు నేర్పాలి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సాక్ష్యం బయటికి తీయడంలో డబ్బంతా ఎక్కడ పోతుందని రాండ్ సంస్థ 2012లో లెక్కగట్టింది. పెట్టిన ప్రతి డాలరులో 73 సెంట్లు చదివి చూడటానికే పోతోందని తేలింది. అందుకని చదివే పనిని యంత్రానికి అప్పజెప్పారు. మొదట్లో మాటలిచ్చి వెతికించేవాళ్ళు. తర్వాత ఇంకో పద్ధతొచ్చింది. లాయర్లు కొన్ని వందలో వేలో ఈమెయిళ్ళు చదివి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని గుర్తుపెడతారు. ఆ గుర్తుల్ని చూసి యంత్రం మిగతా లక్షల్ని తానే వేరుచేస్తుంది. 2012లో న్యూయార్క్‌లో దాదాపు 30 లక్షల ఈమెయిళ్ళున్న ఒక కేసులో జడ్జి ఆండ్రూ పెక్ దీన్ని మొదటిసారిగా ఆమోదించాడు. అది కూడా ప్రచార సంస్థలో పనిచేసే స్త్రీలు వేసిన వివక్ష కేసే.

యంత్రం తప్పు చేస్తుందా అన్నది కాదు నా అనుమానం. యంత్రానికి గుర్తులు పెట్టి చూపించేది ఎవరన్నది. కులం చేసేవాడు కులం అన్న మాట రాయడు. సిస్కో దావాలోని 'మెయిన్ లిస్టు' మాటే తీసుకోండి. కులం తెలియని అమెరికన్ లాయరు ఆ రెండు మాటలు చూస్తే ఏదో అడ్రసుల జాబితా అనుకుని పనికిరాదు అని గుర్తుపెడతాడు. యంత్రం ఆ పాఠం నేర్చుకుంటుంది, అట్లాంటివన్నీ పక్కకు నెట్టేస్తుంది. అక్కడితో సాక్ష్యం చచ్చినట్టే. చెరపక్కర్లేదు, దాచక్కర్లేదు.

తెలుగువాళ్ళ ఆఫీసుల్లో చూడండి. 'మీ ఇంటిపేరేంటి', 'మీరేవిట్లు', 'మనవాడే', 'కోటా సరుకు', 'గవర్నమెంటు అల్లుడు'. వీటిలో ఒక్కదాంట్లోనూ కులం పేరు లేదు. కులం లేంది ఒక్కటీ లేదు. పైగా చాట్‌లో వీటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. 'వాళ్ళు' అన్న మాటను ఒకరు వి తో మొదలెడతారు, ఒకరు డబ్ల్యూ తో. ఎల్ ఒకటి పెట్టేవాళ్ళు, రెండు పెట్టేవాళ్ళు. ఒక స్పెల్లింగు ఇచ్చి వెతికితే మిగతావి దొరకవు. ఇంగ్లీషు మాటల జాబితాతో ఈ భాషను పట్టుకోవడం చేత్తో చేపను పట్టడం లాంటిది.

కాబట్టి ఏ మాటలతో వెతకాలి అని రెండుపక్షాల లాయర్లు కూర్చుని తేల్చుకునే దశ ఉందే, కులం కేసులో అదే కీలకం. అమెరికా నియమాల ప్రకారం అది కేసు మొదట్లోనే జరుగుతుంది. ఈ మాటలు విని పెరిగిన మనిషి ఒకరు బాధితుడి లాయరు పక్కన ఉండి జాబితా రాయించాలి. మన పరిశోధకులు, విద్యార్థులు చేయగలిగిన పని ఇది. నిందలు, సైగలు, వంకర ప్రశ్నలు ప్రాంతాలవారీగా, స్పెల్లింగులతో సహా పోగుచేస్తే అది భాషాశాస్త్రానికే కాదు, కోర్టుకీ పనికొస్తుంది.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అమెరికా కేసుల కాగితాలు చదివే పని కొంత చాలా ఏళ్ళుగా ఇండియాకు వస్తోంది. హైదరాబాదు, బెంగుళూరు, పుణెల్లో లా చదివిన పిల్లలు స్క్రీన్ల ముందు కూర్చుని పనికొస్తుంది, పనికిరాదు అని నొక్కుతుంటారు. ఆ మాటల అర్థం తెలిసినవాళ్ళు అక్కడ ఉండొచ్చు. కానీ వాళ్ళ చేతికిచ్చిన సూచనల్లో కులం ఊసుంటే కదా.

చెరిపేసే గడియారం

క్లౌడ్‌లో ఉన్నది శాశ్వతం అనుకోవడం పొరపాటు. టేపును తగలబెట్టాలంటే ఒక మనిషి కావాలి. క్లౌడ్‌లో చెరిపివేత ఒక సెట్టింగు. గూగుల్ తన ఉద్యోగుల మధ్య నడిచే చాట్లలో కొన్నింటిని 24 గంటల్లో మాయమయ్యేట్టు పెట్టింది. కేసు నడుస్తున్నా ఆపకుండా, భద్రపరచాలా వద్దా అన్నది ఉద్యోగుల ఇష్టానికే వదిలేసింది. 2023 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి జేమ్స్ డొనాటో దీన్ని తప్పుపట్టాడు. వెతికే యంత్రం అమ్ముకుని బతికే కంపెనీకే తన మాటలు దొరక్కుండా చేసుకోవడం తెలుసు.

చట్టం కూడా ఈమధ్య బాధితుల వైపు మొగ్గలేదు. 2015లో ఫెడరల్ నియమాలు మార్చారు. కంప్యూటర్ సాక్ష్యం పోయినప్పుడు, ఎదుటివాడికి దక్కకూడదనే ఉద్దేశంతో పోగొట్టారని రుజువైతేనే పెద్ద శిక్ష. నిర్లక్ష్యం చాలదు. జుబులేక్ నాటి తీర్పులకంటే ఇది ఒక మెట్టు కింద. మనసులో ఉద్దేశాన్ని రుజువు చేయాల్సిన భారం మళ్ళీ దెబ్బతిన్నవాడి మీదే పడింది.

దీనికి ఉన్న మందు ఒక్కటే, తొందరపడటం. గొడవ కోర్టుదాకా పోయేట్టుందని తెలిసిన రోజు నుంచే భద్రపరిచే బాధ్యత మొదలవుతుంది. ఆ రోజు ఎప్పుడన్నది తర్వాత వాదనకు దొరక్కూడదంటే, ఫలానా మనుషుల ఈమెయిళ్ళు, చాట్లు, ఫలానా తేదీలవి చెరపొద్దని లాయరు ద్వారా ఉత్తరం పంపాలి. ఇంకోటి. కోపంలో కంపెనీ ఫైళ్ళు పెన్‌డ్రైవులో ఎక్కించుకుని రావొద్దు. దొంగతనమని ఎదురు కేసు పెడతారు. ఎవరు, ఎప్పుడు, ఏ గ్రూపులో ఏమన్నారో తేదీలతో సొంత నోటుబుక్కులో రాసుకుంటే, ఏం తెప్పించాలో అడగడానికి అదే చాలు.

కత్తికి రెండువైపులా పదునే. కంపెనీ కూడా బాధితుణ్ణి అడుగుతుంది. అతని ఫోను, అతని ఫేస్‌బుక్, డాక్టరుకి చెప్పుకున్న బాధ. కులం దాచుకుని బతికేవాడికి ఇది మామూలు భయం కాదు. సిస్కో కేసులో ఇంజనీరు మారుపేరుతోనే ఉన్నాడు. అసలు పేరు బయటపడితే ఇండియాలో ఉన్న కుటుంబానికి వచ్చే ప్రమాదాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవాలని 2022 ఆగస్టులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు చెప్పింది. అంటే అట్లాంటి ఆదేశం ముందే అడగాలి. ఉద్యోగ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉందేమో కూడా చూసుకోవాలి. ఆ దారిలో పోతే సాధారణంగా డిస్కవరీ కుదించుకుపోతుంది. ఆ షరతు రాష్ట్ర విభాగానికి వర్తించదని కూడా అదే నెలలో తేలింది.

ఇక్కడి సంగతి

మన అట్రాసిటీ కేసులు క్రిమినల్ కేసులు. వాటిలో ఈ తరహా డిస్కవరీ లేదు. సాక్ష్యం పోగుచేసేది పోలీసులు, బాధితుడు కాదు. ఐనా కంప్యూటర్ సాక్ష్యం వచ్చి పడుతూనే ఉంది. తిట్టిన వాట్సాప్ సందేశం, కొట్టిన వీడియో. వీటిని కోర్టు చూడాలంటే సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షను కింద అది తప్పనిసరని 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఫోనే కోర్టులో పెట్టి, దాని సొంతదారు బోనెక్కి ఇది నాదే అని చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అంది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో రెండు భాగాలు. ఒకటి సాక్ష్యం ఇచ్చేవాళ్ళది, రెండోది నిపుణుడిది. దాంట్లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. వీడియో ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో తిరిగేసరికి ముద్ర మారిపోవచ్చు. అందుకని తీసిన ఫోన్లో ఉన్న మొదటి ఫైలును కదపకుండా ఉంచాలి. నిపుణుడి సంతకం ఎవరు ఇప్పిస్తారు, ఎవరు ఖర్చు పెట్టుకుంటారు అన్నది వాడల్లో ఇంకా జవాబు లేని ప్రశ్న.

పోలీస్ స్టేషన్లది ఇంకో కట్ట. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలుండాలని, రికార్డు 18 నెలలు నిలవుండాలని, అంత నిలవుంచే యంత్రం దొరక్కపోతే కనీసం ఏడాదైనా ఉండాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు దాటితే పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంది. స్టేషన్లో ఎవరినైనా కొట్టారని తెలిస్తే, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, లాకప్ కెమెరానా, గేటు కెమెరానా రాసి, చెరపొద్దని ఆ వారంలోనే ఎస్పీకి, జిల్లా పర్యవేక్షణ కమిటీకి, మానవ హక్కుల కమిషన్‌కు రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఛార్జిషీటు వచ్చాక అడగొచ్చులే అనుకుంటే అప్పటికి అక్కడ ఉండేది ఇంకో నెల బొమ్మలు.